పుట్టుకయు పెంపకమును: బాలబాలికల స్వభావభేదమును గూర్చి

మన తెలుగు ఇండ్లలో పిల్లల స్వభావమును గూర్చి రెండు సామెతలు తరచుగా వినవచ్చును. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు" అనునది ఒకటి. "మొక్కై వంగనిది మానై వంగునా" అనునది రెండవది. మొదటిది పుట్టుకయే ప్రధానమనుచున్నది; రెండవది పెంపకమే ప్రధానమనుచున్నది. రెండును ఒకదాని కొకటి ఎదురు. అయినను ఒకే అవ్వ ఒకే దినమున ఈ రెండింటిని చెప్పగలదు. మనుమడు వీధిలో రాళ్లు రువ్వి వచ్చినప్పుడు మొదటి సామెత వచ్చును: వాడు మగపిల్లవాడు, వాని పుట్టుకయే అంత. మనుమరాలు చెట్టెక్కినప్పుడు రెండవ సామెత వచ్చును: ఇప్పుడే వంచకున్న ఇక వంగదు. ఇట్లు అల్లరి యొక్కటే యైనను, మగపిల్లవాని యెడల పుట్టుకను క్షమార్పణముగను, ఆడపిల్ల యెడల పెంపకమును శిక్షగను వాడుకొనుచున్నాము. ఇది న్యాయమేనా యనునది ఈ వ్యాసమునందలి విచారము.

ఈ ప్రశ్న కేవలము పుస్తకములలోనిది కాదు, మన ముంగిళ్లలోనిది. నాందేడు పట్టణమునను, బిలోలి, దెగలూరు, ధర్మాబాదు, కిన్వట్ తాలూకాలలోను తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములు ఇంట తెలుగు, వీధిలో మరాఠీ, అంగడిలో హిందీయో ఉర్దూయో మాటలాడుచు బ్రతుకుచున్నవి. 1956 వరకు ఈ జిల్లా హైదరాబాదు రాష్ట్రములోనిది. ఆ యేడు నవంబరు 1వ తేదీన బొంబాయి రాష్ట్రమునను, 1960 మే 1వ తేదీన మహారాష్ట్రమునను చేరినది. ఎల్లలు మారినవి గాని పిల్లల ఆటల విభజన మారలేదు. మన ఆడపిల్లలు నీడపట్టున కూర్చుండి కచ్చకాయలాడెడివారు. ప్రక్కింటి మరాఠీ బాలికలు అవే గింజలతో సాగర్‌గోటే యాడెడివారు. మన మగపిల్లలు బయలున చిర్రగోనె యాడెడివారు. వారి మగపిల్లలకు అదే విటీదాండూ. నేడు వాని స్థానమున ప్లాస్టిక్ బొమ్మయు క్రికెట్ బ్యాటును వచ్చినవి. వస్తువులు మారినను నీడ ఒకరిది, ఎండ మరియొకరిది.

రెండు భాషలవారును ఒక్కటే చేయుచున్నారు గనుక ఇది ప్రకృతి నిర్ణయమని కొందరందురు. రెండు భాషల పెద్దలును ఒకే విధముగ పెంచుచున్నారు గనుక ఇది పెంపకపు ఫలమని మరికొందరందురు. ఒకే సాక్ష్యము ఇరు పక్షములకును పనికివచ్చునప్పుడు దానిని బట్టి తీర్పు చెప్పరాదు. వేరొక సాక్ష్యము కావలెను.

అట్టి సాక్ష్యమును శాస్త్రజ్ఞులు గర్భస్థ శిశువునందు వెదకిరి. మన దేహములోని కొన్ని గ్రంథులు అత్యల్ప పరిమాణమున కొన్ని రసములను నేరుగా రక్తములోనికి వదలును. వీనిని హార్మోనులందురు. ఇవి ఒక అవయవము నుండి మరియొక అవయవమునకు వార్త గొనిపోవు దూతల వంటివి. మగశిశువు కడుపున పడిన ఏడెనిమిది వారములకే వాని బీజకోశములు టెస్టోస్టెరోన్ అను హార్మోనును తయారుచేయ నారంభించును. సుమారు ఎనిమిదవ వారము నుండి ఇరువదినాలుగవ వారము వరకు ఇది ఆడశిశువునందు కంటె మగశిశువునందు చాల హెచ్చుగా నుండును. పుట్టిన పిదప తొలి నెలలలో మరల ఒకమారు హెచ్చి, తగ్గి, యౌవనారంభము వరకు అణగియుండును. శరీరమునకు పురుషాకృతి నిచ్చునది ఈ తొలి హార్మోనే యని అందరును అంగీకరింతురు. మెదడును, తన్మూలమున నడవడిని గూడ ఇది కొంత దిద్దునా యనునదే ప్రశ్న.

1959లో అమెరికాలోని కాన్సస్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఫీనిక్స్, గోయ్, జెరాల్, యంగ్ అను నలుగురు గినీపందులపై జరిపిన ఒక పరిశోధనను ప్రకటించిరి. చూలుతో నున్నవానికి టెస్టోస్టెరోన్ ఇచ్చి, వానికి పుట్టిన ఆడపిల్లలు పెరిగి పెద్దవైన పిదప వారు వానిని పరిశీలించిరి. జంటగూడు వేళ అవి ఆడువాని వలె గాక కొంత మగవాని వలె ప్రవర్తించినవి. హార్మోను అప్పటికప్పుడు కలిగించు ఉద్రేకము వేరు, పుట్టుకకు ముందే మెదడునందు చేయు ఏర్పాటు వేరు అని వారు సిద్ధాంతీకరించిరి. తరువాత కోతులపై జరిగిన పరిశోధనలలో, గర్భమున ఈ హార్మోను సోకిన ఆడపిల్లలు తక్కిన ఆడపిల్లల కంటె హెచ్చుగా పెనుగులాడుచు, దొర్లుచు ఆడుకొనినట్లు తేలినది.

మానవశిశువుపై ఇట్టి పరీక్ష చేయుట అధర్మము. కాని ఒక జబ్బు మూలమున ప్రకృతియే కొందరు బిడ్డలయందు ఇట్టి స్థితిని కల్పించుచున్నది. మూత్రపిండములపై టోపీల వలె నమరియుండు అధివృక్క గ్రంథులలో కార్టిసాల్ అను హార్మోను తయారగును. దానికి కావలసిన ఒక ఎంజైము కొందరికి పుట్టుకతోనే లోపించును. అప్పుడు, ఒక తూము మూతపడగా కాలువనీరు ప్రక్కచేనిలోనికి పొర్లినట్లు, కార్టిసాల్ కావలసిన పదార్థము దారి మళ్లి మగహార్మోనులుగా మారును. ఈ జబ్బుతో పుట్టు ఆడబిడ్డకు గర్భసంచియు అండాశయములును యథావిధిగ నుండును. పెరిగి తల్లియు కాగలదు. కాని బాహ్యచిహ్నములు మాత్రము ఆడయో మగయో తేల్చరాకుండ నుండవచ్చును. ఇట్టివారిలో అనేకులకు దేహమున ఉప్పు నిలువదు. గుర్తింపనిచో పుట్టిన రెండు మూడు వారములలోనే ప్రాణము పోవచ్చును. 1950లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ వైద్యశాలలో లాసన్ విల్కిన్స్ కార్టిసోన్‌తో దీనికి చికిత్స కనుగొనెను. నేడు ప్రతిదినము వేసికొను మాత్రలతో ఈ బిడ్డలు అందరి వలె పెరిగి పెద్దవారు కాగలరు.

ఇది ఎక్కడనో పరదేశములలోని వింత జబ్బని తలంపరాదు. భారత వైద్య పరిశోధన మండలి ఢిల్లీ, ముంబయి, చెన్నై, హైదరాబాదు, కోల్‌కతా నగరములలో లక్షకు పైగా నవజాత శిశువులను పరీక్షింపజేయగా సుమారు 5,762 మందిలో ఒకరికి ఈ జబ్బు ఉన్నట్లు 2018లో ప్రకటితమైనది. ముంబయిలో 9,983 మందికి ఒకరు. చెన్నైలో 2,036 మందికే ఒకరు. దక్షిణమున హెచ్చుగా నుండుటకు మేనరికములు ఒక కారణమని వైద్యులు భావించుచున్నారు. తల్లిదండ్రులిరువురును లోపమున్న జన్యువును ఒక్కొక్కటి మోయుచున్నచో ప్రతి కాన్పునందును నాలుగింట ఒక వంతు ఈ జబ్బు రావచ్చును. మేనమామ, మేనకోడలు దంపతులైనచో, పూర్వీకునిలోని ఒకే జన్యువు ఇరుప్రక్కల నుండియు బిడ్డకు చేరు అవకాశము ఎనిమిదింట ఒకటి. మేనత్త మేనమామ బిడ్డలు దంపతులైనచో పదునారింట ఒకటి. సరిహద్దు దాటివచ్చిన కొలది కుటుంబములలోనే వియ్యమందు మన వంటి వారికి ఈ లెక్క దూరపుది కాదు. మేనమామ కూతును చేసికొను ఆచారము మన మరాఠీ ఇరుగుపొరుగులలోను అనేకులకు కలదు.

ఈ బాలికల ఆటలనే శాస్త్రజ్ఞులు శ్రద్ధగా చూచిరి. 1992లో షెరీ బెరెన్‌బామ్, మెలిస్సా హైన్స్ అను ఇరువురు విదుషీమణులు మూడు మొదలు ఎనిమిదేండ్ల వయసు గల ఇట్టి బాలికల యెదుట బొమ్మలు, వంటసామాను, మోటారుబండ్లు మొదలగునవి ఉంచిరి. జబ్బులేని తమ బంధుబాలికల కంటె వీరు బండ్లతోను, కట్టడపు దిమ్మెలతోను హెచ్చు సేపు ఆడిరి. తల్లిదండ్రులు వీరిని మగపిల్లల వలె పెంచినందున ఇట్లయ్యెనేమో యను సందేహము సహజము. 2005లో వికీ పాస్టర్‌స్కీ మొదలగువారు ప్రకటించిన పరిశీలన ఈ సందేహమునకు సమాధానము చెప్పినది. ఈ తల్లిదండ్రులు తమ తక్కిన కుమార్తెల కంటె ఈ కుమార్తెలనే ఆడపిల్లల బొమ్మల వైపు హెచ్చుగా ప్రోత్సహించిరి. అయినను వారు బండ్లనే కోరిరి. కావున అభిరుచిలో కొంత భాగము పుట్టుకకు ముందే సిద్ధమగుచున్నదని ఒప్పుకొనవలసియున్నది. ఐనను వీరిలో మిక్కిలి హెచ్చుమంది తమను స్త్రీలుగనే భావించుకొనుచు పెరుగుదురు. బండితో ఆడిన బాలిక బాలుడు కాదు. బండితో ఆడిన బాలికయే.

పెంపకమే సర్వమనువారికి మరియొక విషాద వృత్తాంతము కలదు. 1965లో కెనడాలోని విన్నిపెగ్ నగరమున పుట్టిన కవల మగపిల్లలలో ఒకనికి, డేవిడ్ రైమర్ అనువానికి, పసితనమున ఒక శస్త్రచికిత్సలో అంగము నష్టమయ్యెను. పసిబిడ్డను ఎట్లు పెంచిన అట్లే యగునని నమ్మిన జాన్ మనీ అను మనస్తత్త్వవేత్త సలహా ననుసరించి వానిని ఆడపిల్లగా పెంచిరి. అది జయప్రదమైనదని చాలకాలము గ్రంథములు చాటినవి. కాని ఆ బిడ్డ ఆ వేషమున ఇమడలేదు. పదునాలుగేండ్ల ప్రాయమున నిజము తెలిసికొని మరల బాలుడుగ బ్రతుక నారంభించెను. 1997లో అసలు సంగతి వైద్యపత్రికలలో వెల్లడియయ్యెను. 2004లో తన 38వ యేట అతడు ప్రాణము తీసికొనెను. ఒక్కని కథను బట్టి శాస్త్రము నిర్ణయింపరాదు. కాని పెద్దలు తమ సిద్ధాంతమునకు బిడ్డను సాక్షిగ నిలువబెట్టిన ఏమగునో ఈ కథ చెప్పుచున్నది.

అయినచో పుట్టుక పక్షమే గెలిచినదా? అదియు తొందరపాటే. కడుపులోని హార్మోనునకు మోటారుబండి యన నేమో తెలియదు. బండి పుట్టి నూరేండ్లు దాటి కొలది కాలమే యైనది. కదలు వస్తువుపై మక్కువయో, పెనుగులాటపై ఇచ్ఛయో, మరి యేదియో ఒక మొగ్గు మాత్రము ఏర్పడును; దానికి బండి, బొంగరము, చిర్రగోనె యను రూపముల నిచ్చునది లోకము. అంతకంటె సూక్ష్మమైన విషయము మెలిస్సా హైన్స్ బృందము 2016లో ప్రకటించినది. ఆడకు మగకు సంబంధము లేని కొన్ని వస్తువులను చూపి, ఇవి ఆడపిల్లలవి, అవి మగపిల్లలవి అని చెప్పిన, సామాన్య బాలికలు తమవని చెప్పిన వానినే కోరుదురు. అధివృక్క గ్రంథుల జబ్బు గల బాలికలు ఆ మాటను అంతగా పాటింపలేదు. అనగా హార్మోను ఆటను మార్చుటయే గాక, లోకము చెప్పు మాటను బిడ్డ ఎంతవరకు చెవిని పెట్టుననునది గూడ మార్చుచున్నదన్నమాట.

కావున ఎంత భాగము పుట్టుక, ఎంత భాగము పెంపకము అని విడదీయ బూనుట వ్యర్థము. నేత నెరిగిన మన పద్మశాలీ కుటుంబములకు ఇది సులభముగ బోధపడును. నిలువు పోగు పడుగు, అడ్డపు పోగు పేక. బట్టలో పడుగు ఎంత, పేక ఎంత యని తూచవచ్చును గాని, బట్టతనము ఏ పోగులో నున్నదని అడిగిన సమాధానము లేదు. నేతపనియే మరియొక నిదర్శనము గూడ ఇచ్చుచున్నది. మన ఇండ్లలో పురుషుడు మగ్గముపై కూర్చుండుటయు, స్త్రీ కండెలు చుట్టుటయు ఆచారము. మగ్గము పురుషుని పనియే యని మన తాతలు నమ్మిరి. అస్సాము దేశమున మగ్గము స్త్రీలది. అచ్చట ఇంటింట వారే నేయుదురు. హార్మోను రెండు చోట్లను ఒక్కటే. మగ్గముపై కూర్చున్నవారు వేరు.

ఇంతవరకు చెప్పినది ప్రకృతి మాట. ఇక ధర్మము మాట. ఈ శాస్త్రము చేతికి వచ్చినవారు మూడు తప్పుత్రోవలు తొక్కుట కలదు.

మొదటిది, సగటును వ్యక్తికి అంటగట్టుట. పురుషులు సగటున స్త్రీల కంటె పొడగరులు. అంతమాత్రమున మన వీధిలోని ప్రతి పురుషుడును ప్రతి స్త్రీ కంటె పొడుగనువాడు నవ్వులపాలగును. దర్జీ సగటు కొలతతో చొక్కా కుట్టడు. వచ్చినవాని భుజము కొలిచి కుట్టును. తల్లిదండ్రులు తమ బిడ్డకు దర్జీపాటి న్యాయమైనను చేయవలదా?

రెండవది, ఉన్నదానిని ఉండవలసినదిగ చెప్పుట. మశూచియు ప్రకృతిలోనిదే, దానిని టీకాలతో లోకమునుండి వెడలగొట్టితిమి. మగపిల్లవానికి తోపులాట సహజమైన మాత్రమున తోయుట ధర్మము కాదు. వాని మొగ్గు బలమైనదే యైనచో వానికి శిక్షణ హెచ్చు కావలెను గాని తక్కువ కాదు. ఆడపిల్ల విషయమున ఈ తర్కము మరియు విపరీతము. కూర్చుండుట ఆమెకు సహజమే యైనచో బలవంతమేల? బలవంతము కావలసి వచ్చినచో సహజమని చెప్పుటేల?

మూడవది, ఆటలోని భేదమును బుద్ధికిని యోగ్యతకును పొడిగించుట. ఆటబొమ్మల యిష్టమునందు బాలబాలికల భేదము పెద్దదే. కాని 2005లో జానెట్ హైడ్ అను మనస్తత్త్వవేత్త, అంతవరకు జరిగిన పరిశోధనల ఫలితములను కూడగట్టిన 46 సమీక్షలను పరిశీలించి, స్త్రీపురుషుల మధ్య చెప్పబడిన భేదములలో 78 శాతము స్వల్పములో శూన్యప్రాయములో యని చూపెను. గచ్చకాయలాడినది లెక్కలకు పనికిరాదనుటకు, బండి త్రోసినవాడు వంటకు పనికిరాడనుటకు ఆధారము లేదు.

ఈ సంగతి ప్రయోగశాలల కంటె ముందే మన పెద్దలలో కొందరు ధర్మబుద్ధితో గ్రహించిరి. మన గోదావరి సముద్రమును చేరబోవుచోట, ధవళేశ్వరమున, 1874లో కందుకూరి వీరేశలింగము బాలికల పాఠశాల పెట్టెను. రాజమహేంద్రవరమున పుట్టి, మహారాష్ట్రమునకు చెందిన చింతామణి దేశ్‌ముఖ్‌ను పెండ్లాడిన దుర్గాబాయి 1958లో ఏర్పడిన జాతీయ స్త్రీవిద్యా సంఘమునకు అధ్యక్షురాలయ్యెను. తరువాత కొలది యేండ్లకే, బాలురకు బాలికలకు వేరు పాఠ్యక్రమము ఉండవలెనా యను ప్రశ్నను విచారించుటకు హంసా మెహతా అధ్యక్షతన ఒక సంఘము కూర్చుండెను. లింగమును బట్టి పాఠ్యక్రమమును విభజింపరాదని ఆ సంఘము చెప్పెను. 1964–66 నాటి కొఠారీ కమిషన్ ఆ మాటను బలపరచెను. వారు స్వభావభేదము లేనే లేదనలేదు. భేదము ఎంతయున్నను విద్యాద్వారము ఒక్కటిగనే యుండవలెననిరి.

మన వంటి అల్పసంఖ్యాకులకు ఇందు మరియొక చిక్కు కలదు. పరాయి భాషల నడుమ తెలుగు నిలుపుకొను భారమును మనము తెలియకయే ఆడపిల్లలపై మోపితిమి. పరికిణీ ఆమె కట్టవలెను. బతుకమ్మ ఆమె పేర్చవలెను. అవ్వతో తెలుగున మాటలాడునది ఆమెయే. కొడుకు మరాఠీలోనో ఇంగ్లీషులోనో బదులు చెప్పినను, పండుగనాడు క్రికెట్టునకు పోయినను, వాడంతే యని ఊరకుందుము. కుమార్తె ఆటలకు పోయిన మన సంస్కృతియే పోయినదని వగతుము. ఆమె అణకువకు పుట్టుక కారణమని చెప్పుదుము గాని, నిజమునకు కారణము మన భయము. ఒక సంస్కృతి నిలుచుటకు సగము మంది పిల్లలు కదలకుండ కూర్చుండవలసి వచ్చినచో, ఆ సంస్కృతిని మోయుటలో తక్కిన సగము మంది తమ వంతు చేయుటలేదన్నమాట. బతుకమ్మకు కావలసిన తంగేడుపూవు కొడుకు కోసికొని రావచ్చును. పద్యము వాడును నేర్వవచ్చును.

ఆడపిల్లకు అణకువ, మగపిల్లవానికి ధైర్యము నేర్పవలదా యని పెద్దలడుగవచ్చును. నేర్పవలసినదే, ఇరువురకు రెండును నేర్పవలెను. అణకువ లేని ధైర్యము దౌర్జన్యమగును. ధైర్యము లేని అణకువ దాస్యమగును. వీధి ఆడపిల్లకు క్షేమము కాదుగదా యని మరియొక మాట వచ్చును. అది నిజమైన భయము. దానిని తేలికగ తోసివేయరాదు. కాని ఆ భయమునకు కారణము ఆమె ఆట కాదు, ఎవరి కొడుకో పెరిగిన తీరు. ఏ పెంపకమును పూర్తిగ నిష్పక్షపాతము కాజాలదు. ఊరకుండుటయు ఒక బోధయే. అందుచేత తల్లిదండ్రులకు ఒక చిన్న పరీక్ష చాలును. బిడ్డను మందలింపబోవు ముందు, "ఈ మాటను దీని తోబుట్టువునకు గూడ చెప్పుదునా?" అని తమ్ము తామడుగవలెను. చెప్పుదునన్న అది శిక్షణ. చెప్పనన్న, కారణము మరల వెదకవలెను.

చివరగా, ఈ జ్ఞానమంతయు మనకు ప్రసాదించిన ఆ రోగగ్రస్త బిడ్డలయెడల మన ఋణమేమి? ఒక విచిత్రము గలదు. ఈ జబ్బుతో పుట్టిన ఆడబిడ్డకు దేహచిహ్నము వేరుగ నుండుటచే వైద్యుడు చూచి గుర్తించును. మగబిడ్డకు చూపునకు ఏ లోపమును కనబడదు. వాంతులు, నీరసము వచ్చి, కారణము తెలియకయే వాడు కన్నుమూయవచ్చును. పుట్టిన కొలది దినములలో మడమ నుండి తీసిన రక్తపు చుక్కతో ఈ జబ్బును కనిపెట్టవచ్చును. మేనరికపు కాన్పులలోను, కారణము తెలియక పసిబిడ్డలు పోయిన ఇండ్లలోను ఈ పరీక్షను వైద్యునడిగి చేయించుట మన మొదటి విధి. ఆడబిడ్డ దేహమును సిగ్గుతో దాచుటయు, తొందరపడి కత్తికి అప్పగించుటయు రెండును తగవు. ప్రాణాపాయము లేనిదే ఇట్టి శిశువులకు లింగమును దిద్దు శస్త్రచికిత్స చేయరాదని 2019లో మద్రాసు ఉన్నత న్యాయస్థానపు తీర్పు ననుసరించి తమిళనాడు ప్రభుత్వము ఉత్తర్వు చేసినది. బిడ్డ పెరిగి తన మాట తాను చెప్పువరకు ఆగుట దాని న్యాయము.

గర్భముననే దిద్దవలెనను కోరికకు గూడ హద్దు కావలెను. ఇట్టి ఆడశిశువు దేహమును ముందే సరిచేయుటకు గర్భిణికి డెక్సామెథాసోన్ అను మందిచ్చు పద్ధతి 1980ల నాటినుండి కలదు. కాని శిశువు ఆడయో మగయో, జబ్బు కలదో లేదో తెలియకముందే దానిని మొదలిడవలసి యుండెడిది. నలుగురిలో ఒకరికే జబ్బు, అందు సగము మందియే ఆడువారు. కావున ఒక్కరి కొరకు ఎనమండుగురు మందు త్రాగినట్లయ్యెను. 2018లో సైతము అంతర్జాతీయ వైద్యసంఘము ఇది ఇంకను పరీక్షాదశలోనిదే యనెను. ఇంతకంటె ఘోరమైనది మగబిడ్డ కలుగునని అమ్ము మందు. బిడ్డ ఆడయో మగయో తండ్రి బీజమును బట్టి గర్భధారణ నాడే నిశ్చయమగును. ఏ మూలికయు దానిని మార్చలేదు. అట్టి మందులు పుచ్చుకొన్నవారి బిడ్డలకు అవయవలోపములు హెచ్చని హర్యానాలోని పరిశీలనలు చూపినవి. గర్భస్థ శిశువు లింగమును తెలిసికొనుటను 1988లోనే మన మహారాష్ట్రము చట్టముచే నియంత్రించినది. 1994లో దేశమంతటికిని చట్టమయ్యెను. అయినను 2011 జనగణనలో ఈ రాష్ట్రమున ఆరేండ్లలోపు మగపిల్లలు వేయిమందికి ఆడపిల్లలు 894 మందియే. ఈ కొరతను ఏ హార్మోనును చేయలేదు.

ధర్మాబాదు దాటిన వెంటనే బాసర క్షేత్రము కలదు. అచ్చట పలక పట్టించునప్పుడు ఈ బిడ్డ బండితో ఆడునా, బొమ్మతో ఆడునా యని ఎవరు నడుగరు. కొడుకునకును కుమార్తెకును అవే అక్షరములు. ప్రకృతి ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క మొగ్గు ఇచ్చి పంపుచున్నది. అది ఏ మొగ్గో ముందుగ మనము నిర్ణయింపజాలము, లింగమును చూచి ఊహింపను జాలము. బిడ్డను చూచి తెలిసికొనవలసినదే. అట్లు చూచు ఓపిక గల ఇంట ఆ రెండు సామెతలును నిజమే యగును: పుట్టుకతో వచ్చినదానిని గౌరవింతురు, పెంపకముతో రావలసినదానిని కొడుకునకును కుమార్తెకును సమముగ నేర్పుదురు.